కట్టుబాటు ఎవరికి? కరువు సీమలో నీళ్ల చట్టాల మీద కొన్ని ప్రశ్నలు

కరువొచ్చినప్పుడల్లా కర్నూలు, కడప పల్లెల్లో ఒక మాట తిరుగుతుంది: ఊరంతా కలిసి కట్టుబాటు చేసుకోవాల. కొత్త బోరు వేయొద్దు, వరి పెట్టొద్దు, కొళాయికి మోటారు బిగించొద్దు, ట్యాంకరొస్తే ఇంటికిన్ని బిందెలే. వినడానికి బాగానే ఉంది. నీళ్లు తక్కువైనప్పుడు వాడకానికి హద్దు పెట్టుకోవాల్సిందే, దాంట్లో మాకు పేచీ లేదు. కానీ కట్టుబాటు అనే మాట మాకు కొత్త కాదు. మాలగేరి, మాదిగగేరి వాళ్లు ఊరబావి గట్టెక్కకూడదన్నదీ కట్టుబాటే. పైనుంచి ఎవరో పోస్తే దోసిలి పట్టి తాగాలన్నదీ కట్టుబాటే. అందుకని ఆ మాట వినగానే పర్యావరణ ప్రేమికులకు కలిగే సంతోషం మాకు కలగదు. ఎవరు చేసిన కట్టుబాటు, ఎవరి మీద, అది చేసే నాటికి ఎవరి తొట్టి నిండి ఉంది అని ముందు అడుగుతాం.

చట్టం కూడా ఒక రచనే. కథను చదివినట్టే దాన్నీ చదవొచ్చు. అందులో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి గురించి మాట్లాడుతున్నారు, ఎవరు అసలు కనిపించడం లేదు అని వెతకొచ్చు. మన విమర్శకులు కరువు కథల్లో రైతు కన్నీళ్లు లెక్కపెట్టినారు గానీ కరువు చట్టాలను ఇట్లా చదివిన వాళ్లు తక్కువ.

తాగునీటి కోసం భూగర్భ జలాలను కాపాడాలని 1996లో రాష్ట్రంలో ఒక చట్టం వచ్చింది. దాన్ని కలుపుకొని 2002లో ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. ఊళ్లల్లో దాన్ని ‘వాల్టా’ అంటారు. ఉన్న బావులు, బోర్లు నమోదు చేయించుకోవాలి. ఊరందరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. భూగర్భ జలం మితిమీరి తోడేసిన ప్రాంతమని ప్రకటిస్తే, తాగునీటికి తప్ప అక్కడ కొత్త బోర్లు బంద్. పక్క బోరు వల్ల తాగునీటి బోరు ఎండిపోతుంటే ఆ తోడకాన్ని ఆపే అధికారం కూడా చట్టం ఇచ్చింది.

ఈ నియమాల్లో పల్లెల్లో ఎక్కువగా వినబడేది ‘కొత్త’ అన్న మాట. ఉన్న బోరుకు నమోదు, లేని బోరుకు నిషేధం. ఇప్పటిదాకా తాగినవాడు తాగుతూనే ఉండొచ్చు, ఇంకా గ్లాసు పట్టుకోనివాడు మాత్రం ఆగాలి. ఉన్న బోరును ఆపే నిబంధన కాగితం మీద ఉందిగానీ, పెద్ద రైతు తోటలో నడిచే మోటారును ఆపించడానికి ఎంత గుండె ధైర్యం కావాలో పల్లెలో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అప్పటికే బోరు ఉన్నవాళ్లు ఎవరు? పులివెందుల, లింగాల వైపు చీనీ తోటలు, అరటి తోటలు పెట్టింది ఎవరో ఆ దారిన బస్సులో పోయినా తెలుస్తుంది. మావాళ్ల చేతుల్లో ఉండేది చాలావరకు డి.కె.టి. పట్టా భూములు. గుట్టవారా, వంకవారా, గరుసు నేలలు. బోరుకు అప్పిచ్చే బ్యాంకు ఆ పట్టా చూసి మొహం తిప్పుకుంటుంది. ఎస్సీ, ఎస్టీల భూముల్లో బోర్లు వేయడానికి ప్రభుత్వం ఇందిర జలప్రభ పేరుతో కార్యక్రమం మొదలుపెట్టింది 2011లో, అంటే వాల్టా వచ్చిన తొమ్మిదేళ్లకు. అప్పటికి నీళ్లు ఎంత లోతుకు పోయినాయి? కడప జిల్లాలో వెయ్యి అడుగులు దించినా దుమ్ము లేచిన బోర్లున్నాయి. ఆలస్యంగా వచ్చినవానికి చట్టం ఒక దిక్కు అడ్డం, లోతు ఇంకో దిక్కు అడ్డం.

దీని వేరు 2002లో లేదు, 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టంలో ఉంది. ఎవరి నేల కింది నీళ్లు వాళ్లు తోడుకోవచ్చునన్న సూత్రం అక్కడిది. నేల ఎవరిదో నీళ్లు వానివి. భూమి లేనివానికి నీళ్లూ లేవు. తర్వాత వచ్చిన ఆంక్షలన్నీ ఈ సూత్రాన్ని పెకిలించకుండా దాని మీదే కట్టినారు. 1997లో వచ్చిన సాగునీటి సంఘాల చట్టమూ అంతే. చెరువుకైనా కె.సి. కాలువకైనా ఓటుండేది ఆయకట్టులో భూమి ఉన్నవానికే. ఆ చెరువులో చేపలు పట్టేవాడు, బట్టలుతికేవాడు, గొడ్లకు నీళ్లు తాపేవాడు, ఆయకట్టులో నాట్లేసే మాదిగామె - వీళ్లకు ఓటు లేదు.

భూమికీ నీళ్లకూ వేసిన ఈ ముడి కరువులో ఎంత వింతగా తయారవుతుందో చూడండి. ఎండాకాలం తాగునీళ్లకు ఇబ్బందైతే ప్రభుత్వం ప్రైవేటు బోర్లను అద్దెకు తీసుకుంటుంది. మంచిదే, గొంతు తడవాలి కదా. కానీ చుట్టుపక్కల బోర్లన్నీ కలిసి తోడేసినందుకే కాలనీ చేతిపంపు ఎండిపోయిన చోట, అట్లా తోడినవానికే అదే నేల కింది నీళ్లకు ఖజానా నుంచి అద్దె ముడుతుంది. దాన్ని సహాయమనీ, పెద్దాయన ఊరికి నీళ్లిచ్చినాడనీ చెప్పుకుంటారు. రేపు కూలి రేటు అడిగేటప్పుడు ఆ బిందె గుర్తు చేస్తారు.

బిందెల లెక్క వచ్చింది గనుక ఒక లెక్క వేస్తాం. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ప్రకారం పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు. ఏడాదికి 20 వేల లీటర్ల చిల్లర. ఒక ఎకరా వరికి పంటకాలంలో నిలువునా 1200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలన్న మామూలు అంచనా తీసుకుంటే దాదాపు 48 లక్షల లీటర్లు. అందులో కొంత మళ్లీ నేలలోకే ఇంకుతుంది, కాదనం. అయినా బోరు కింది ఒక్క ఎకరా వరి మడిలో, దగ్గరదగ్గర 240 మంది ఏడాది పొడుగునా వాడుకునే నీళ్లు పారుతున్నాయి. కొలత మాత్రం బిందెకే. ఇంటికి ఆరు బిందెలా ఎనిమిదా అని వీధిలో కొట్లాట పెట్టే ఊరు, మోటారుకు మీటరు పెడతామంటే ఒక్కటై లేస్తుంది. 2004 మే నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. సీమలో తోడకాన్ని నిజంగా అదుపు చేసింది ఏ చట్టమూ కాదు, కరెంటిచ్చే గంటలే. ఆ కరెంటు నడిరాత్రి వస్తే బ్యాటరీ లైటు పట్టుకొని పాముల్లో, తడి వైర్ల మధ్యలో పోయి మోటారు వేసి మడవ తిప్పేది ఎవరు? చాలాచోట్ల మా ఇంటి జీతగాడే.

ఇంతా చెప్పి, కొన్ని మంచి ప్రయత్నాలను పక్కన పెట్టేస్తే న్యాయం కాదు. నంద్యాలలోని బర్డ్స్ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి, నెదర్లాండ్స్ డబ్బుతో ఏడు కరువు జిల్లాల్లో రైతుల భూగర్భజల యాజమాన్య పథకం నడిపినాయి. కర్నూలు, కడప అందులో ఉన్నాయి. రైతులే వాన కొలిచినారు, బోర్లలో నీటిమట్టం కొలిచినారు, రబీకి ముందు ఊరందరూ కూర్చొని ఉన్న నీళ్లెంత, వేయబోయే పంటలకు కావాల్సిందెంత అని లెక్క కట్టినారు. జరిమానా లేదు, నిషేధం లేదు. లెక్క చూసి ఎవరికి వాళ్లే వరి తగ్గించుకోవాలి. 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక కూడా దీన్ని మెచ్చుకుంది. రిగ్గు డ్రైవరుకు, కొబ్బరికాయతో నీళ్లు చూసేవానికి మాత్రమే తెలిసిన గుట్టును ఊరి గోడ మీద రాయించడం చిన్న పని కాదు. మేం దాన్ని గౌరవిస్తాం.

అయితే ఆ లెక్కలో ఏ గడి లేదో కూడా చూడాలి. నీళ్ల బడ్జెట్టులో పంట ఉంది, ఎకరం ఉంది, వాన ఉంది. కూలి దినం లేదు. వరి నుంచి ఆరుతడి పంటకు మారితే నీళ్లు మిగులుతాయి, నిజమే. నాట్లు, కలుపు, కోతల పని దినాలు ఎన్ని పోతాయి, ఎన్ని వస్తాయి? ఆ పంట కింద బతికే కాలనీ ఆడోళ్లు ఆదోని వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు మూటలు కట్టుకొని ఎన్ని వారాలు ముందుగా పోవాలి? ఈ ప్రశ్న ఆ సమావేశంలో వేయడానికి ఎవరికి కుర్చీ ఉంది? పథకం పేరులోనే రైతు ఉన్నాడు. మన భాషలో రైతంటే భూమి ఉన్నవాడు. ఇక నీళ్ల కట్టుబాటులో కూలీ పేరు ఎక్కడొస్తుంది?

ఈ మరుపు పాతదే. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించినాడు. అక్కడి సంస్కృత శాసనం మంచి చెరువుకు 12 అంగాలు చెప్తుంది. మొదటిది ధర్మం తెలిసిన రాజు, రెండోది జలశాస్త్రం చదివిన బ్రాహ్మణుడు. కట్టే పనివాళ్ల గుంపు కూడా ఒక అంగమే. రెండేళ్ల పాటు రోజూ 1000 మంది పనిచేసినారని, 100 బండ్లు నడిచినాయని కూడా చెక్కినారు. రాజుకు పేరుంది. తట్ట మోసినవాళ్లకు అంకె ఉంది. మన చరిత్రకారులు ఆ శాసనంలో సాంకేతిక ప్రతిభ చూసి మురిసిపోతారు, తప్పులేదు. ఆ వెయ్యిమందిలో ఎవరికి ఆ చెరువు కట్టమీద కడవ ముంచుకునే హక్కు ఉండిందో కూడా అడిగితే బాగుండు.

కట్టడంతోనే అయిపోలేదు. చెరువు నీళ్లు మడవ మడవకూ పంచిన నీరుగంటి చాలా ఊళ్లల్లో మాలాయనో మాదిగాయనో. భూమి లేనివాడు గనుక పక్షపాతం ఉండదని అతనికి ఆ పని ఇచ్చినారని కొందరు పరిశోధకులు రాస్తారు. భూమి లేకపోవడాన్ని అర్హత చేసిన తెలివి గొప్పది! బావుల్లోంచి నీళ్లు తోడిన కపిల బాన మాదిగల చేతి తోలు. మోటార్లు రాకముందు సీమలో బావికింది పైరంతా ఆ తోలు పోసిన నీళ్లతోనే పండింది. ఆ నీళ్లతో పండిన గింజలు తినడానికి అంటు లేదు. కుట్టిన చెయ్యి ఊరబావి చేద పట్టుకుంటే అంటు. నీళ్ల పనిలో ముందుండి నీళ్ల హక్కులో వెనకుండటం మావాళ్ల కథ. వాల్టాకు పూర్వం ‘సంప్రదాయ నీటి యాజమాన్యం’ ఎంతో సామరస్యంగా ఉండేదని రాసేవాళ్లు ఈ బాన బరువు ఒకసారి ఎత్తి చూడాలి.

సీమ నాయకుల గురించి కూడా ఒక మాట. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమకు నీళ్లల్లో ముందు వాటా ఇవ్వాలని రాసుకున్నారు. ఆ మాట నిలబెట్టలేదు. ఆ అన్యాయం మీద కొట్లాడేవాళ్లతో మేమూ నడుస్తాం. కోస్తా తాగింది, సీమ ఎండింది అన్నది నిజం. కానీ కోస్తాను వాటా అడిగిన నోరు కాలనీకి వాటా అడగదు. కృష్ణా నీళ్లు కాలువలోకొస్తే ఆ కాలువ ఎవరి చేన్లోకి తిరుగుతుందో ఒడంబడికలు రాయవు. ప్రాంతానికి జరిగిన అన్యాయాన్ని మా వీధిలో జరిగే అన్యాయానికి దుప్పటిగా కప్పితే ఒప్పుకోం.

నీళ్ల దగ్గర కులం పోయిందంటారా? రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు అందరివీ అంటుంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం దళితులు వాడే నీళ్లను పాడుచేయడాన్ని నేరమంది. ఆ చట్టం రావడానికి వెనకున్న ఘటనల్లో 1985 జులై 17 నాటి కారంచేడు ఒకటి. మాదిగల తాగునీటి చెరువు దగ్గర గేదెల కుడితి కడిగితే, అడ్డం మాట్లాడిన సువార్తమ్మ మీద చెయ్యెత్తడంతో అది మొదలైంది. మహద్‌లోనూ అంతే. చౌదార్ చెరువు అందరిదని పురపాలక సంఘం 1924లోనే తీర్మానం చేసింది. కాగితం మీద తెరిచిన ఆ చెరువులో దోసెడు నీళ్లు తాగడానికి 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడవాల్సి వచ్చింది. కాబట్టి చట్టం రాసినంత మాత్రాన నీళ్లు కాలనీకి నడిచిరావని మాకు తెలుసు. చట్టమే వద్దనడమూ మా మాట కాదు. ఆంక్షలు లేకపోతే ముందు ఎండేది మా చేతిపంపే, అప్పు చేసి బోరు మీద బోరు వేసి కూలిపోయేది మా రెండెకరాల రైతే.

వేరే రకం కట్టుబాటు సాధ్యమేనని చూపినవాళ్లు ఉన్నారు. 1972 కరువు తర్వాత మహారాష్ట్ర పురందర్ తాలూకాలో విలాస్‌రావు సాళుంఖే మొదలుపెట్టిన పానీ పంచాయతీ నీళ్లను భూమికి కాకుండా ఇంట్లోని మనుషుల లెక్కన పంచింది. తలకు అర ఎకరానికి సరిపడా, ఇంటికి రెండున్నర ఎకరాల దాకా. భూమి లేనివాళ్లకూ వాటా ఉంది. చెరుకు పెట్టకూడదు. భూమి అమ్మితే నీళ్ల హక్కు దానితోపాటు పోదు. అది అన్నిచోట్లా నిలవలేదు, భూమిలేని వాళ్లకు వాటా దక్కినా పారించుకోను మడి కావాలి కదా. అయినా ఆ సూత్రం మన వాల్టాలో లేదు, సాగునీటి సంఘాల చట్టంలో లేదు, పల్లెల్లో చేసుకునే కట్టుబాట్లలోనూ వినబడదు. ముందు తోడినవాడు ముందు తగ్గించాలని, తర్వాత వచ్చినవానికి ఆ తగ్గించిన దాంట్లోంచి వాటా రావాలని రాసిన నియమం ఒక్కటి ఈ రెండు జిల్లాల్లో ఎక్కడైనా ఉంటే చూడాలని మాకు ఆశ.

చదివే విద్యార్థి మిత్రులకు, సంఘాల్లో పనిచేసేవాళ్లకు ఒక పని చెప్తున్నాం. 2005 సమాచార హక్కు చట్టం కింద మీ మండలంలో మూడు జాబితాలు అడగండి. వాల్టా కింద నమోదైన బోర్లు, యజమానుల వివరాలు ఒకటి. డి.కె.టి. పట్టాల సర్వే నంబర్లు రెండోది. గడిచిన వేసవుల్లో తాగునీటికి అద్దెకు తీసుకున్న ప్రైవేటు బోర్లు, చెల్లించిన మొత్తాలు మూడోది. మూడూ పక్కపక్కన పెట్టి చదవండి. రెండో జాబితాలోని నేలల్లో మొదటి జాబితాలోకి ఎక్కినవి ఎన్నో, మూడో జాబితాలో డబ్బు ఏ వీధికి పోయిందో లెక్కకట్టి పంపండి. మనుషుల పేర్లు తీసేసి, ఊరి పేరుతో వచ్చే సంచికల్లో వేస్తాం.