పోటెరిగిన తెడ్డు

ఉప్పుగడ్డి పర్రల మధ్య కయాక్ నడపడంలో చేతి బలం కంటే నీటి వేళ తెలియడం ముఖ్యం. అమెరికా ఆగ్నేయ తీరంలోని జార్జియా రాష్ట్రం ఇలాంటి యాత్రలకు పేరున్న చోటు. ఆ తీరం పొడవు 160 కిలోమీటర్లే. కానీ ప్రధాన భూభాగానికీ, సముద్రపుటంచున వరసగా ఉన్న ఇసుక దీవులకూ మధ్య నాలుగు నుంచి ఆరు మైళ్ల వెడల్పున పర్ర పరుచుకొని ఉంది. మొత్తం సుమారు 3.7 లక్షల ఎకరాలు. అమెరికా తూర్పు తీరంలో మిగిలిన ఉప్పు పర్రలో దాదాపు మూడో వంతు ఇక్కడే ఉంది. దీన్ని చీల్చుకుంటూ వంకలు తిరిగే ఉప్పుటేళ్లలో లోతు గంటగంటకూ మారుతుంది. అడుగు తగిలి మోటారు పడవ ఆగిపోయే చోట, జానెడు నీళ్లున్నా కయాక్ సాగిపోతుంది.

ఇక్కడ పోటు పెద్దది. ఫ్లోరిడా నుంచి నార్త్ కరోలినా దాకా తీరం విల్లులా లోపలికి వంగి ఉంటుంది. ఆ వంపు నడుమన జార్జియా ఉంది. ముందున్న సముద్రం చాలా దూరం లోతు లేకుండా సాగుతుంది. అందువల్ల వచ్చిన నీరు వంపులో చేరి ఎత్తు లేస్తుంది. విల్లు రెండు కొనల దగ్గర రెండు మూడడుగులుండే పోటు ఇక్కడ ఆరు నుంచి ఎనిమిది అడుగులు, అమావాస్య పౌర్ణములకు తొమ్మిది దాకా ఉంటుంది. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కనుక పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కాకినాడ తీరంలో వల వేసేవాళ్లకు ఈ లెక్క కొత్తది కాదు.

గోదావరి మొగల్లో, కోరింగ దగ్గర ఇలాంటి పోటు బురదలో మడ చెట్లు వేళ్లూనాయి. గడ్డకట్టే చలిని మడ తట్టుకోలేదు. అందుకే జార్జియాలో ఆ చోటు స్పార్టినా అనే గడ్డిది. ఏటి గట్టున ఇది మనిషిని మించి పెరుగుతుంది. ఉప్పునీరు తాగి, ఎక్కువైన ఉప్పును ఆకుల మీద గ్రంథుల ద్వారా బయటికి నెట్టేస్తుంది. ఎండలో ఆకు నిమిరితే వేలికి ఉప్పు పలుకులు అంటుకుంటాయి. బురదలో గాలి ఆడదు కనుక కాండం లోపలి గొట్టాల గుండా వేళ్లకు గాలి పంపుతుంది. పోటు ఎక్కేకొద్దీ పెరివింకిల్ నత్తలు గడ్డి కాడల మీదకు పాకుతాయి. నీటితో పాటు వచ్చే నీలి పీతల నుంచి తప్పించుకోవడానికే ఆ పాకడం. మంచి గైడు గడియారం కంటే ముందు ఈ నత్తల వైపు చూస్తాడు.

కయాక్ ఇక్కడ పుట్టిన పడవ కాదు. ఆర్కిటిక్ తీరాల ఇన్యూట్, అల్యూట్ జాతులు కొట్టుకొచ్చిన కర్రతో, ఎముకతో చట్రం కట్టి, సీల్ తోలు బిగించి చేసుకున్న వేట పడవ ఇది. వాడేవాడి ఒంటి కొలతలకు సరిపడా దాన్ని కుట్టేవారు. అలికిడి లేకుండా జంతువు దగ్గరికి చేరడమే దాని పని. ఆ నిశ్శబ్దమే నేడు వేట కోసం కాక చూపు కోసం ఉపయోగపడుతోంది. జార్జియా పర్రల్లో తిరిగేవి ఎక్కువగా పన్నెండు నుంచి పదిహేడు అడుగుల ప్లాస్టిక్ కయాక్‌లు. ఫైబర్‌గ్లాస్ పడవ తేలికే గానీ, ఆల్చిప్పల దిబ్బ మీద ఒకసారి ఒరుసుకుంటే చీరుకుపోతుంది.

తెడ్డు వేయడంలో కొత్తవాళ్ల మొదటి పొరపాటు చేతులతో లాగడం. తెడ్డుకు రెండు కొసలా రేకులుంటాయి. పాదాలను అడుగున ఉన్న ఆనుడు మీద తన్ని పెట్టి, నడుము నుంచి పైభాగాన్ని తిప్పుతూ, రేకును పాదాల పక్కన నీటిలో దించి తుంటి దగ్గర తీసేయాలి. అలా చేస్తే వీపు కండరాలే పని చేస్తాయి, మూడు గంటలైనా భుజాలు నొప్పి పెట్టవు. పడవ తిప్పడానికి రేకును ముక్కు నుంచి వెనక దాకా పెద్ద వంపుగా ఊడ్చినట్టు తిప్పాలి. పక్కకు జరపడానికి నీటిని పడవ వైపు లాక్కోవాలి. ఒరిగినప్పుడు రేకు వీపును నీటి మీద చరిచి ఆనుకోవాలి. ఈ మూడూ పది నిమిషాల్లో నేర్పవచ్చు. ఎవరైనా బోల్తా పడితే గైడు ఆ పడవ ముక్కును తన పడవ మీదికి ఎత్తి నీళ్లు వంపేసి, మళ్లీ నిటారు చేసి, పడినవాళ్లు ఎక్కేదాకా గట్టిగా పట్టుకుంటాడు. లైఫ్ జాకెట్ లేకుండా ఏ మంచి గైడూ ఎవరినీ నీటిలోకి దించడు.

అసలు విద్య వేళ కుదర్చడంలో ఉంది. ఆరు గంటల పోటును పన్నెండు భాగాలు చేస్తే మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, చివరి గంటలో ఒకటి వస్తాయని పడవవాళ్ల పాత లెక్క. ఎనిమిదడుగుల పోటులో మూడో గంట ఒక్కదానిలోనే రెండడుగుల నీరు లేస్తుందన్నమాట. ఆ నడి గంటల్లో ఎదురీదడం గట్టి మనిషికి కూడా వృథా శ్రమ. అందుకే నీరు తీసే పాటు చివర బయలుదేరి, నీరు నిలిచిన వేళ దూరపు వంపు చేరి, పోటుతో తిరిగి రావడం మామూలు పద్ధతి. దీవి వెనక ఏటికి రెండు కొసలా సముద్రం ఉన్నచోట ఇంకా సొగసైన పద్ధతి ఒకటుంది. పోటు రెండు వైపుల నుంచీ లోపలికి వచ్చి నడుమ ఎక్కడో కలుస్తుంది. నీటి పరుగు అక్కడ ఆగిపోతుంది కనుక ఒండ్రు దిగి మేట పడుతుంది. ఒక కొసన పోటు నీటితో లోపలికి వచ్చి, నిండు పోటు వేళ ఆ మేటను దాటి, పాటు తీయగానే రెండో కొసకు జారిపోతే ప్రయాణంలో రెండు సగాలూ నీరే మోసుకుపోతుంది. గంట ఆలస్యమైతే అదంతా ఎదురీతే.

దారి గుర్తులు కూడా నీటితో మారిపోతాయి. పాటు వేళ రెండు పక్కలా బురద గోడలు లేచి, ఆకాశం తప్ప ఏమీ కనబడదు. పౌర్ణమి పోటుకు గడ్డి కొనలు మాత్రమే పైకి తేలి, ఏరేదో పర్రేదో తెలియకుండా పోతుంది. వంపు బయటి అంచున లోతు, లోపలి అంచున మెరక అన్న సూత్రం మాత్రం రెండు వేళల్లోనూ పనికొస్తుంది. వెడల్పాటి మొగల్లో గాలి నీటికి ఎదురు తిరిగితే పొట్టి, నిటారు అలలు లేస్తాయి. గాలి ముదిరిన రోజున యాత్ర రద్దు చేయగలిగినవాడే నమ్మదగిన గైడు. పడవ బురదలో కూరుకుంటే దిగి తోయకూడదు. కాలు తొడ దాకా దిగిపోతుంది, అడుగున ఆల్చిప్పల అంచులు కత్తుల్లా ఉంటాయి. ఆ గాయాల్లో సూక్ష్మజీవులు చేరితే ప్రమాదం. పడవలోనే కూర్చుని పోటు కోసం ఎదురుచూడాలి.

అలా కూర్చున్న గంట వృథా కాదు. నీరు దిగిన గట్టున వందల ఫిడ్లర్ పీతలు బొరియల్లోంచి బయటికొస్తాయి. మగవి తమ ఒకే ఒక్క పెద్ద డెక్కను ఎత్తి ఊపుతుంటాయి. ఒక్కోసారి డాల్ఫిన్లు చేపల గుంపును బురద గట్టు మీదికి తరిమి, కుడిపక్కకు ఒరిగి తామూ సగం ఒంటితో గట్టెక్కి తింటాయి. జార్జియా, సౌత్ కరోలినా ఉప్పుటేళ్లలో పాటు వేళ కనిపించే ఈ వేటను తల్లుల వెంట తిరుగుతూ పిల్లలు నేర్చుకుంటాయి. 1972 నాటి సముద్ర క్షీరద రక్షణ చట్టం వాటిని వేధించడాన్ని నిషేధించింది. 50 గజాల దూరంలో ఉండమన్నది మార్గదర్శకం. పక్షుల దగ్గర గజాల లెక్క కంటే వాటి తీరే కొలత. కొంగ మెడ నిటారుగా సాచిందంటే పడవ ఇప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చింది. ఆయిస్టర్ క్యాచర్ పక్షులు ఇసుక మీద, గుల్లల మేటల మీద గుడ్లు పెడతాయి. తల్లిని లేపితే వేసవి ఎండకు గుడ్డు లోపలే ఉడికిపోతుంది. అందుకే గూళ్ల కాలంలో ఆ మేటల మీద దిగరు.

ఈ తీరంలో వాసా, బ్లాక్‌బియర్డ్, వుల్ఫ్ దీవులు, హారిస్ నెక్ సమాఖ్య ప్రభుత్వ వన్యప్రాణి ఆశ్రయాలు. హారిస్ నెక్‌లోని రేవు నుంచి కయాక్‌లు బ్లాక్‌బియర్డ్ ఏటి వైపు వెళ్తాయి. హారిస్ నెక్‌లోని చెరువులో వుడ్ స్టార్క్ కొంగలు గూళ్లు కడతాయి. ఈ పక్షిని 1984లో అంతరించే ముప్పున్న జాబితాలో చేర్చారు, 2014లో కొంత తక్కువ ముప్పు వర్గానికి మార్చారు. హారిస్ నెక్ నేలకు మరో చరిత్ర ఉంది. 1942లో సైనిక విమానాశ్రయం కోసం అక్కడి నల్లజాతి కుటుంబాలను ఖాళీ చేయించారు. 1962లో అది పక్షుల ఆశ్రయమైంది. తమ నేల తమకివ్వాలని వారి వారసులు చాలా కాలంగా అడుగుతున్నారు. వాళ్లు గల్లా గీచీలు. ఈ ఉప్పుటేళ్లలో చేపలు పట్టి, ఆల్చిప్పలు ఏరి బతికిన జాతి. కొంగలను చూపి వీళ్ల మాట ఎత్తని గైడు పర్రలో సగమే చూపించినట్టు.

ఒకప్పుడు ఈ పర్రను పూడ్చి వాడుకోదగ్గ పనికిరాని నేలగా చూసేవారు. ఈ తీరంలోని సపెలో దీవిలో 1953లో మొదలైన జార్జియా విశ్వవిద్యాలయ సముద్ర పరిశోధన కేంద్రంలో యూజీన్ ఓడమ్, జాన్ టీల్ వంటి వాళ్లు దాని లెక్క తేల్చారు. కుళ్లిన గడ్డి రొయ్యలకూ, పీతలకూ, చేపపిల్లలకూ ఆహారమై చుట్టుపక్కల నీటినంతా పోషిస్తుందని చూపించారు. 1960ల చివర ఫాస్ఫేటు తవ్వకాల ప్రతిపాదన వచ్చినప్పుడు ఈ పరిశోధన అక్కరకొచ్చింది. 1970లో తీర పర్రల రక్షణ చట్టం అమల్లోకి వచ్చి, అనుమతి లేకుండా పూడ్చడం, తవ్వడం నిషిద్ధమయ్యాయి. చట్టం కాగితం మీద చెప్పినదాన్ని కయాక్ కంటికి చూపిస్తుంది. గడ్డి వేళ్ల ఎత్తున కూర్చున్నవాళ్లకు చేపపిల్లలు కాడల మధ్య దూరడం, గుల్లలు నోరు తెరవడం కనిపిస్తాయి.

వుల్ఫ్ దీవి ఆశ్రయంలో ఇసుక మీద గానీ పర్ర మీద గానీ మనుషులు కాలు పెట్టడానికి వీల్లేదు. దాని చుట్టూ ఉన్న ఉప్పునీటిలో మాత్రం పడవ నడపవచ్చు. ఆ దీవిని చూడాలనుకునేవాళ్లు నిండు పోటుకు ఏటిలోకి వెళ్లి, పాటు తీయకముందే తెడ్డు తిప్పుకుంటారు.