గంటన్నర సినిమాకు తొందర ఉండదు

సినిమా గొప్పదనాన్ని మనవాళ్లు ఖర్చుతో, వసూళ్లతో, నిడివితో కొలుస్తున్నారు. మూడు గంటలుంటే పెద్ద సినిమా. గంటన్నరలో ముగిస్తే "అప్పుడే అయిపోయిందా, పైసలు దండుగ" అంటారు. మేము చెప్పదలుచుకున్నది దీనికి ఎదురు మాట. గంటన్నరలో ముగిసిన మంచి సినిమాల్లో మాకు తొందర కనబడలేదు. తొందరంతా మూడు గంటల సినిమాల్లోనే ఉంది. పనిచేసే మనిషిని, నడిచే మనిషిని, ఊరకే కూర్చున్న మనిషిని చూడడానికి వాటికి తీరిక దొరకదు. ఆదివాసుల బతుకు తెర మీదికి రావాలని కోరుకునే మనకు ఈ తేడా తెలిసి ఉండాలి.

ఆస్కార్ అవార్డులిచ్చే అమెరికా అకాడమీ 40 నిమిషాలు దాటిన సినిమాను ఫీచర్ ఫిల్మ్‌గానే లెక్కిస్తుంది. జపాన్ దర్శకుడు కురొసావా 'రషోమన్' (1950) 88 నిమిషాలు. ఇటలీలో డి సికా తీసిన 'బైసికిల్ థీవ్స్' (1948) 89 నిమిషాలు. మన బి. నర్సింగరావు 'దాసి' (1988) కూడా సుమారు గంటన్నరే. బడి లెక్కలో చెప్పాలంటే ఇవి రెండు పీరియడ్ల సినిమాలు.

ముందుగా 'దాసి' గురించి. జగిత్యాల, సిరిసిల్ల వైపు వాళ్లకు గడి అంటే ఏమిటో ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. దొరల వెట్టి మీద రైతుకూలీలు కదిలిన జగిత్యాల జైత్రయాత్ర 1978లో జరిగింది. ఆ ఏడాదే ప్రభుత్వం ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత పదేళ్లకు వచ్చిన 'దాసి', 1920ల నాటి ఒక గడిలోకి మనల్ని తీసుకుపోతుంది. అందులో కమలాక్షి దాసి. సినిమాలో మాటలు చాలా తక్కువ. ఆమె పగలంతా గడిలో చాకిరీ చేస్తుంది. రాత్రి దొర పిలిస్తే పోతుంది. పగటి పనికి ఎట్లా పోయిందో దీనికీ అట్లాగే పోతుంది. కాదనే హక్కు ఆమెకు లేదని ఎవరూ నోటితో చెప్పరు, ఆ నడక చూస్తే మనకే తెలుస్తుంది. గర్భం వస్తే తీయించుకొమ్మని దొరసాని హుకుం చేస్తుంది. కడుపులో బిడ్డ కూడా తనది కాదు.

ఇదే కథను మూడు గంటలు తీస్తే ఏమయ్యేది? కమలాక్షిని కాపాడడానికి ఒక హీరో రావాలి. అతనికి ఒక పరిచయ పాట, ఒక పగ, నాలుగు ఫైట్లు కావాలి. అంత జాగా అతనికిచ్చాక కమలాక్షి పక్కకు జరగాల్సిందే. నర్సింగరావు ఆమెను పక్కకు జరపలేదు. ఈ సినిమాకు ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి, కమలాక్షిగా నటించిన అర్చన ఉత్తమ నటి అయింది.

టీచర్లుగా మేము ఎక్కువగా తలుచుకునేది ఇరాన్ దర్శకుడు కియారొస్తామీ 1987లో తీసిన సినిమా. పేరుకు అర్థం 'నా స్నేహితుని ఇల్లెక్కడ?'. 83 నిమిషాలే. అహ్మద్ అనే పిల్లాడు పొరపాటున తోటి పిల్లాడి నోట్‌బుక్ ఇంటికి తెస్తాడు. రేపు ఆ నోట్‌బుక్‌లో హోంవర్క్ లేకపోతే సారు వాణ్ణి బడి నుంచి వెళ్లగొడతానన్నాడు. అందుకని అహ్మద్ గుట్ట ఎక్కి అవతలి ఊరికి పరుగెత్తుతాడు. ఆ మెలికల బాట మీద వాడి పరుగును దర్శకుడు తెగ్గొట్టకుండా చూపిస్తాడు, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. కొండగట్టు చుట్టుపక్కల గుట్టల కింది పల్లెల పిల్లలకు ఈ బాటను వివరించాల్సిన పని లేదు. ఆ సినిమాలో సారు దుర్మార్గుడేమీ కాదు. పిల్లలు ఎంత దూరం నుంచి వస్తున్నారో ఆలోచించడు, అంతే. బీఈడీ, డీఈడీ తరగతుల్లో చెప్పని పాఠం అది.

'బైసికిల్ థీవ్స్'లో ఉద్యోగానికి సైకిల్ కావాలి. సైకిలేమో కుదువలో ఉంది. దాన్ని విడిపించడానికి భార్య ఇంట్లో దుప్పట్లు కుదువ పెడుతుంది. ఆ దుకాణంలో మనిషి మూటను మోసుకుంటూ పైకెక్కుతాడు. అక్కడ కప్పు దాకా అట్లాంటి మూటలే. ఒక్క మాట లేకుండా ఊరంతటి పేదరికం కనబడుతుంది. ఆ ఒక్క దృశ్యం అరగంట ఉపన్యాసానికి సమానం.

ఇక మన సంగతి. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' 182 నిమిషాలు. కొమురం భీము పేరు పెట్టుకున్న సినిమా అది. కల్పిత కథ అని ముందే చెప్పారు కాబట్టి కల్పనను తప్పుపట్టం. కానీ గూడెం బతుకు అందులో ఎంతసేపు ఉంది? మల్లి అనే పాపను ఎత్తుకుపోవడంతో కథ గూడెం దాటి ఢిల్లీకి పోతుంది. ఆఖరున ఏం కావాలని రామరాజు అడిగితే భీము చదువు అడుగుతాడు. అసలు భీము చాందా వైపు పోయి అక్కడ చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెప్పారు. 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన మనిషి అంతకు ముందే అక్షరాన్ని వెతుక్కుంటూ పోయాడు. పులితో పోరాటానికి సమయం దొరికిన మూడు గంటల్లో ఈ సంగతికి దొరకలేదు. మన పిల్లలు ఆ సినిమా చూసి, భీముకు అక్షరం ఇంకొకరు పెట్టారనుకుంటే అది చిన్న నష్టం కాదు.

నిడివి ఎక్కువైతే చెడ్డదని మేము అనడం లేదు. గోండుల దగ్గర ప్రధాన్లు, తోటీలు కీక్రి వాయిస్తూ రాత్రంతా కథ చెబుతారు. వినేవాళ్లకు ఆ కథ తమదే కాబట్టి రాత్రి పొడవనిపించదు. సిరిసిల్ల ప్రాంతపు వేణు యెల్దండి తీసిన 'బలగం' (2023) రెండు గంటలు దాటుతుంది. చివర బుడగ జంగాల పాట కోసం ఆ కథ అంతసేపు ఆగింది, ఆగడంలో న్యాయముంది. మేము అడిగేది ఒకటే: ఆ సమయం ఎవరికి దక్కింది?

సినిమా తీయాలని తిరుగుతున్న మన యువకులు మూడు గంటలకు సరిపడా డబ్బు కోసం ఏళ్లకేళ్లు కాచుకొని ఉండొద్దు. చాందాలో ఒక గోండు యువకుడు పలక పట్టుకొని మొదటి అక్షరం దిద్దడం నుంచి మొదలుపెట్టండి. గోండిలోనే మాట్లాడించండి. ఎనభై నిమిషాలు చాలు. పగలు బడిలో రెండు పీరియడ్లలో పిల్లలకు చూపిస్తాం. కూలికి పోయి వచ్చినవాళ్లకు రాత్రి బువ్వ తిన్నాక గూడెంలో తెర కట్టి చూపిస్తాం.