కుక్క ఉంది సరే, ఇల్లాలేదీ?

జాన్ స్టైన్‌బెక్ రాసిన 'ట్రావెల్స్ విత్ ఛార్లీ' నేను మొదటిసారి చదివింది పెళ్ళయిన కొత్తలో. ఓ మధ్యాహ్నం వంటింటి పని ముగించుకుని పుస్తకం పట్టుకు కూర్చుంటే, మా అత్తగారు "ఏమిటమ్మాయ్ ఆ కథ?" అని అడిగారు.

"ఒకాయన లారీ మీద గది కట్టించుకుని, కుక్కని పక్కన కూర్చోబెట్టుకుని అమెరికా అంతా తిరిగొచ్చాడండీ" అన్నాను.

ఆవిడ చేటలో పప్పు ఏరడం ఆపి, "మరి పెళ్ళాం ఏమయింది?" అన్నారు.

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఈమధ్య మళ్ళీ చదివాక తెలిసింది, ఈ పుస్తకం మీద అంతకంటే మంచి విమర్శ లేదని.

చదవనివారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను. స్టైన్‌బెక్‌కి అప్పటికి 58 ఏళ్ళు. పేరుంది, డబ్బుంది, జబ్బుచేసి లేచిన ఒళ్ళూ ఉంది. ఇన్నాళ్ళూ తను రాస్తున్న దేశం తనకే తెలియకుండా పోయిందని దిగులు పుట్టి, 1960 సెప్టెంబరులో బయలుదేరాడు. పికప్ ట్రక్కు మీద చిన్న గది. అందులో మంచం, నాలుగు బర్నర్ల స్టవ్వు, ఫ్రిజ్, బట్టల అలమార. బండికి డాన్ క్విక్సోట్ గుర్రం పేరు పెట్టాడు, రోసినాంటే అని. పక్కన ఛార్లీ. ఫ్రెంచి పూడిల్ జాతి కుక్క, వయసు మళ్ళినవాడు, మర్యాదస్తుడు. దాదాపు మూడు నెలల్లో సుమారు 10,000 మైళ్ళు తిరిగారు ఇద్దరూ. పుస్తకం 1962లో వచ్చింది. ఆ ఏడే ఆయనకి నోబెల్ బహుమతీ వచ్చింది.

చెప్పొద్దూ, చదువుతూంటే ఎంత హాయిగా ఉంటుందో! మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్లో మాసిన బట్టలూ, సబ్బుపొడీ, వేడినీళ్ళూ పోసి, సాగే తాడుతో అలమారలో వేలాడదీస్తాడు. రోడ్డు కుదుపులకి సాయంత్రానికల్లా బట్టలు ఉతికి ఉంటాయి. బట్టలుతికే బాధ తెలిసిన మనలాంటి వాళ్ళకి ఈ ఒక్క పేజీ చాలదూ, ఆయనకి నోబెల్ ఇచ్చెయ్యడానికి!

చరిత్ర ఉన్న చోట్లన్నీ దారిలో తగుల్తాయి. 1876లో కస్టర్ సేనని అక్కడి ఆదివాసులు ఓడించిన లిటిల్ బిగ్‌హార్న్ మైదానం దగ్గర ఆగి, రెండు పక్షాలకీ నమస్కారం పెడతాడాయన. మనం శిలాఫలకం చదివితే, ఛార్లీ చెట్టు మొదలు చదువుతాడు. ఇద్దరికీ అది పాతకబురే కదా! ఎల్లోస్టోన్‌లో ఎలుగుబంటి కనిపించగానే ఆ సాధుజీవి కాస్తా రాక్షసుడైపోతే, యజమాని నివ్వెరపోయి బండి వెనక్కి తిప్పేస్తాడు. కుక్కకి జబ్బు చేసిన పేజీలు మాత్రం నవ్వుతూ చదవలేం. ఒక డాక్టరు ఏదో చూశాననిపించి పంపేస్తే, ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు ఆప్యాయంగా నయం చేస్తాడు. ముసలి ప్రాణం కోసం ఆస్పత్రి గుమ్మంలో నిలబడ్డవారికి ఆ ఆత్రం తెలుసు.

అయితే 2010లో బిల్ స్టైగర్‌వాల్డ్ అనే పత్రికా రచయిత ఇదే దారి పట్టుకు వెళ్ళి, ఉత్తరాలూ చిత్తుప్రతీ తిరగేసి చూశాడు. ఏం తేలిందంటారు? ఒంటరిగా బండిలో పడుకున్న రాత్రులు పుస్తకం చదివితే అనిపించినన్ని లేవట. చాలా రాత్రులు హోటళ్ళలో గడిచాయి. భార్య ఇలైన్ షికాగోలోనూ టెక్సాస్‌లోనూ కలిసిందని పుస్తకంలోనే ఉంది. కానీ పడమటి తీరం వెంట కూడా ఆవిడ చాలా రోజులు పక్కనే కూర్చుని ప్రయాణం చేసింది. చిత్తుప్రతిలో ఉన్న ఆవిడ అచ్చులోకి వచ్చేసరికి మాయమైపోయింది. దారిలో తగిలిన మనుషుల మాటలు కొన్ని కల్పితాలేనేమోనన్న అనుమానమూ వచ్చింది. 2012లో వచ్చిన 50 ఏళ్ళ ముద్రణ ముందుమాటలోనే, దీన్ని అక్షరాలా నిజమని నమ్మవద్దని హెచ్చరిక చేర్చారు.

చాలామందికి కల్పన దగ్గర కోపం వచ్చింది. నాకు రాలేదు. నవలలు రాసే చెయ్యి ఊరికే ఉంటుందా! నాకు గుచ్చుకున్నది ఇలైన్ సంగతే. మగవాడి ఒంటరితనం అందంగా కనబడాలంటే పక్కనున్న ఆడమనిషిని చెరిపెయ్యాలా? కుక్క ఉంటే ఒంటరితనానికి భంగం రాదు, భార్య ఉంటే వస్తుందా? ఆవిడని ఉంచి రాసినా ఈ పుస్తకానికి వచ్చే లోటు లేదు. ఓ రెండు నవ్వులు ఎక్కువే ఉండేవి.

అలాగని పుస్తకం అవతల పారేద్దామా అంటే, చివరి ఘట్టం పారెయ్యనివ్వదు. 1960 నవంబరులో న్యూ ఆర్లియన్స్‌లో ఆరేళ్ళ నల్లపిల్ల రూబీ బ్రిడ్జెస్ తెల్లవాళ్ళ బడిలో చేరింది. రోజూ బడి ముందు ఆడవాళ్ళు గుంపుగా నిలబడి, ఆ పసిదాన్ని నోటికి రాని మాటలు తిట్టేవారు. వాళ్ళూ తల్లులే! స్టైన్‌బెక్ బండిని దూరంగా వదిలి టాక్సీలో వెళ్ళి అదంతా కళ్ళారా చూశాడు. అంతకుముందు బండి దగ్గర ఒకడు తొంగిచూసి, లోపల కూర్చున్నది నల్లమనిషనుకున్నాననీ, కుక్కే కదా అనీ నవ్వుతాడు. ముందు సీట్లో కుక్క కూర్చోవచ్చు, మనిషి కూడదు! అది చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల నిజం, ఆ గుంపు నిజం.

అందుకని చదవండి. ఛార్లీని చూసి నవ్వుకోండి, ఆ బడి దగ్గర ఆగి తలవంచుకోండి. కాలిఫోర్నియాలో రచయిత పుట్టిన సలీనాస్ ఊళ్ళో ఆ రోసినాంటే బండిని ఇప్పటికీ జాగ్రత్తగా దాచి ఉంచారు. ఎప్పుడైనా చూసే అవకాశం వస్తే ముందు సీటుకేసి ఓసారి చూడండి. అందరూ ఛార్లీ అక్కడ కూర్చున్నాడని తలుచుకుంటారు. మీరు మాత్రం మా అత్తగారిలా ఆవిణ్ణి కూడా అడగండి.