నిప్పు చూసి, నీరు చూసి లోహం ఎంచాలి

కృష్ణా మెట్టలో, రెడ్డిగూడెం నుంచి నందిగామ, జగ్గయ్యపేట దాకా, నీళ్లు కాచే పాత్ర అంటే ఒకప్పుడు రాగి, లేదా ఇత్తడి. పెరట్లో స్నానాలకు రాగి కాగు. టీకొట్లో నడుమ బొగ్గుల గొట్టం ఉన్న బాయిలర్. వాటిని వాడుతూ మనవాళ్లు సంపాదించిన లోహజ్ఞానం, ఇవాళ ఎస్‌ప్రెసో యంత్రంతో కాఫీకొట్టు పెట్టే యువతకూ నేరుగా పనికొస్తుంది.

మొదట చూడాల్సింది నిప్పు ఎక్కడుందని. కాగుకు మంట బయట తగులుతుంది. వేడి గోడ దాటి నీళ్లలోకి పోవాలి. స్టెయిన్‌లెస్ స్టీలు కన్నా రాగి పాతిక రెట్లు, ఇత్తడి కన్నా మూడు రెట్లకు పైగా బాగా వేడిని మోస్తుంది. అందుకే కాగుకు రాగిని ఎంచారు. ఎస్‌ప్రెసో యంత్రంలో మాత్రం వేడిచేసే కరెంటు కడ్డీ సాధారణంగా నీళ్లలోనే మునిగి ఉంటుంది. గోడ వేడిని మోయనక్కర్లేదు కాబట్టి అక్కడ స్టీలు ఏమీ తక్కువ కాదు. కాఫీపొడి మీదికి నీళ్లు వదిలే భాగానికి బరువైన ఇత్తడి మేలు. అది వేడిని నిలకడగా పట్టి ఉంచుతుంది.

రెండోది ఆరోగ్యం. పులుపు తగిలితే రాగి, ఇత్తడి చిలుమెక్కుతాయి. దానికి మందు కళాయి. పాత్రను శుభ్రంగా తోమి, కొలిమి మీద కాల్చి, తగరం కడ్డీ అద్ది, నవాసాగరం చల్లి, దూదితో చకచకా లోపలంతా రుద్దుతారు. నవాసాగరం లోహం మీది మకిలిని విడగొడుతుంది కాబట్టే తగరం పట్టుకుంటుంది. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నీళ్లున్నంతసేపూ గోడ దాదాపు నీటి వేడి దగ్గరే ఉంటుంది. వట్టి పాత్రను నిప్పు మీద పెడితే పూత కారిపోతుంది. తగరంలో సీసం కలిపితే కళాయే విషమవుతుంది. ఇత్తడిని సులువుగా చెక్కడానికీ కొంత సీసం కలుపుతారు. అందుకే యంత్రం కొనేటప్పుడు ఇత్తడి భాగాల్లో సీసం ఎంతుందో అడగాలి.

మూడోది నీరు. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలను నిలబెట్టింది అక్కడి సున్నపురాయే. అలాంటి నేలలో బోరునీటికి సున్నం గుణం వస్తుంది. కాచినకొద్దీ అది గారగా పేరుకుని, ఏ లోహపు బాయిలర్లోనైనా కడ్డీని కప్పేసి కరెంటు తినేస్తుంది. నీళ్లు ఉప్పగా ఉంటే, వేడిమీద ఆ ఉప్పు స్టీలుకు సన్నని గుంటలు పెడుతుంది. అక్కడ రాగే ఎక్కువకాలం నిలుస్తుంది. గారకు పలచని నిమ్మ ఉప్పు నీళ్లు చాలు. ఘాటైన ఆసిడ్ పోస్తే ఇత్తడిలోని తుత్తునాగం, కళాయిలోని తగరం రెండూ పోతాయి.

కాబట్టి బేరానికి ముందు నీటి పరీక్ష చేయించండి. నీళ్లలో ఉప్పు తక్కువైతే స్టీలు, ఎక్కువైతే రాగి, సున్నం ఎక్కువైతే ముందు నీటిని మెత్తబరిచే ఫిల్టరు. ఏది కొన్నా ఏటేటా విప్పి శుభ్రం చేసే మనిషిని చూసుకోండి. బాయిలర్‌కు కొన్ననాటి లోహంతో పాటు ఏటేటి సంరక్షణ కూడా ఆయుష్షు పోస్తుంది. కళాయి వేసేవారు తరతరాలుగా చేసింది ఈ పనే. ఆ విద్యకు దక్కాల్సిన గౌరవాన్ని, కూలిని మనం ఇవ్వాలి.