అప్లికేషన్‌కు తన చిరునామా తెలియవలెనా?

అఫ్జల్‌గంజ్‌లో మూసీ యొడ్డున నిలిచియున్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమునకు పోయినప్పుడెల్ల, పుస్తకముల వీపులపై నంటించిన సంఖ్యలను చూచుచు కొంతసేపు నిలుచుట నాకలవాటు. ఆ సంఖ్య వీథిని చెప్పదు, భవనమును చెప్పదు. సాటి పుస్తకముల నడుమ తన స్థానమును మాత్రమే చెప్పును. ఆసఫియా గ్రంథాలయముగా 1891లో వెలసి, 1936లో ఇప్పటి భవనమునకు తరలివచ్చిన ఈ సంస్థ మరల తరలవలసివచ్చినను, ఆ సంఖ్యలలో ఒక్కటియు మార్చనక్కరలేదు. వెబ్ అప్లికేషన్లు వ్రాయుట వృత్తిగా గల నేను కోరునదియు ఇంతమాత్రమే.

అప్లికేషన్ వ్రాయునాడు, డొమైన్ మొత్తము దానిదేయని తలచి, ప్రతి లింకును స్లాష్‌తో ఆరంభింతుము. పిదప ఒకనాడు, అదే డొమైన్‌లో వేరొక సైటు ముందుండగా, దీనిని ‘/కేటలాగ్’ అను ఉపమార్గము క్రింద నిలుపవలసివచ్చును. మొదటి పుట చక్కగా తెరుచుకొనును. లాగిన్ లింకును నొక్కగనే బ్రౌజరు ‘/కేటలాగ్/లాగిన్’ను విడిచి ‘/లాగిన్’ను అడుగును, 404 వచ్చును. అంతట కోడ్ అంతయు వెదకి, లింకులన్నిటి ముందర ఆ పేరును అతికించువారు కలరు. ఆ పద్ధతి నాకు సమ్మతము కాదు. రేపు ఆ పేరు మారినచో శ్రమయంతయు పునరావృతమగును.

ఈ చిక్కునకు పరిష్కారము, వెబ్ సర్వరును ప్రోగ్రాముతో కలుపు 1990ల నాటి సీజీఐ పద్ధతిలోనే యున్నది. అభ్యర్థన మార్గమును రెండుగా విభజించి, అప్లికేషన్ నెలకొన్న చోటును ‘స్క్రిప్ట్ నేమ్’ అనియు, అటుపై మిగిలినదానిని ‘పాత్ ఇన్ఫో’ అనియు సర్వరు వేరువేరుగా అందించును. ఫిలిప్ జె. ఈబీ పైథాన్ కొరకు 2003లో ప్రతిపాదించిన డబ్ల్యూఎస్‌జీఐ అను సర్వరు-అప్లికేషన్ ఒడంబడిక ఈ విభాగమునే నిలుపుకొన్నది. రెండవ భాగమును బట్టి పుటను ఎన్నుకొనుట, లింకు నిర్మించునపుడు మొదటి భాగమును ముందు చేర్చుట: అప్లికేషన్ ధర్మమింతే. ఫ్లాస్క్‌లోని ‘యూఆర్‌ఎల్ ఫర్’, జాంగోలోని ‘రివర్స్’ ఈ పనిని మనకు బదులుగా చేయుచున్నవి. వానిని కాదని మార్గములను చేతితో వ్రాయుటకు కారణము నాకు కానరాదు.

నడుమ ప్రాక్సీ యున్నచో మరింత జాగ్రత్త కావలయును. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ‘ప్రాక్సీ పాస్’ చిరునామాను పోర్టు సంఖ్యతో ఆపినచో మార్గము యథాతథముగా లోనికి పోవును. దాని వెనుక ఒక్క స్లాష్ చేర్చినచో, లొకేషన్‌తో సరిపోలిన భాగము తొలగి దాని స్థానమున ఆ స్లాష్ నిలుచును. అట్లు తొలగిన భాగమును, ‘ఎక్స్ ఫార్వర్డెడ్ ప్రిఫిక్స్’ వంటి హెడరు ద్వారా, అప్లికేషన్‌కు వేరుగా తెలుపవలెను. ఆ హెడరును మన ప్రాక్సీయే పంపినపుడు మాత్రమే నమ్మవలెను. చివరి స్లాష్ మహిమ బ్రౌజరులోను కలదు: ‘/కేటలాగ్/’ పుటలోని ‘జాబితా’ యను సాపేక్ష లింకు ‘/కేటలాగ్/జాబితా’కు చేరును, స్లాష్ లేని ‘/కేటలాగ్’ పుట నుండియైతే ‘/జాబితా’కు పోవును.

కుకీల విషయము మరువరాదు. పొరుగు అప్లికేషన్లు రెండును ఒకే పేరుగల సెషన్ కుకీని మూలమార్గమున ఉంచినచో, ఒకదానిలో లాగిన్ కాగానే రెండవదానిలోని సెషన్ చెరిగిపోవును. కుకీకి ఉపమార్గమును నిర్దేశించినచో ఆ సంఘర్షణ తీరును గాని రక్షణ లభింపదు. ప్రోటోకాల్, పోర్టు కూడ ఒకటేయైనచో, ఒకే డొమైన్‌లోని పుటలన్నియు బ్రౌజరు దృష్టిలో ఏకమూలములే (సేమ్ ఆరిజిన్). పరస్పరము విశ్వసింపదగని రెండు అప్లికేషన్లను ఒకే డొమైన్‌లో పెట్టుటకు నేనొప్పుకొనను. వానికి వేరువేరు డొమైన్లే ఈయవలెను.