తెలుగు బైబిలు, ఖుర్ఆన్ అనువాదాలలో దైవభావన: ‘అద్వితీయ’ శబ్ద పరిశీలన

వ్యాససంగ్రహం

దేవుడు ఒక్కడేనని క్రైస్తవులు, ముస్లిములు ఇరువురూ విశ్వసిస్తారు. అయితే ఆ ఏకత్వాన్ని గ్రంథం ద్వారా గ్రహించే తీరులో వారి మధ్య మౌలికమైన భేదం ఉంది. తెలుగులో ఆ భేదం ‘అద్వితీయ’, ‘వాక్యము’ అనే రెండు మాటల చుట్టూ ఎలా వ్యక్తమైందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: దైవభావన, అనువాదం, అద్వితీయ, వాక్యము, కలిమ, తౌహీద్, త్రిత్వం.

1. ఉపోద్ఘాతం

తిరుపతి పరిసరాలలో ‘దేవుడు’ అనగానే ముందుగా స్ఫురించేది ఏడుకొండలవాడు. తమిళనాడు సరిహద్దున సత్యవేడు ప్రాంతంలో వెలసిన శ్రీ సిటీ వంటి పారిశ్రామిక కేంద్రంలో హిందువు, క్రైస్తవుడు, ముస్లిము ఆ మాటనే ఒకే సంభాషణలో మూడు అర్థాలలో వాడగలరు. అటువంటి చోట ‘అన్ని మతాల సారం ఒక్కటే’ అన్న మాట మర్యాదకు పనికివస్తుంది. ‘మీ దేవుడు వేరు’ అన్న మాట వాదానికి పనికివస్తుంది. ఈ రెండింటిలో ఏదీ గ్రంథాన్ని చదివి చేసిన నిర్ధారణ కాదు. తులనాత్మక అధ్యయనం అనువాదాల పదజాలం నుండి మొదలుకావడం సముచితం.

2. అనువాదాల నేపథ్యం

అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఆనందరాయరు సహాయంతో అనువదించిన మూడు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో మదనపల్లె కేంద్రంగా పనిచేసిన జేకబ్ చాంబర్లేన్ తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షత వహించాడు. ఖుర్ఆన్‌ను తొలుత తెలుగులోకి తెచ్చినవాడు అనంతపురంలో అధ్యాపకుడిగా ఉన్న చిలుకూరి నారాయణరావు. ముస్లిమేతర భాషాశాస్త్రవేత్త ఈ పనికి పూనుకోవడం గమనార్హం. ఈ విధంగా రెండు గ్రంథాల తెలుగు చరిత్రలోనూ రాయలసీమకు భాగం ఉంది.

ఈ రెండు అనువాదాల హోదా ఒకటి కాదు. ఆరాధనలో చదివే తెలుగు బైబిలు విశ్వాసికి ‘పరిశుద్ధ గ్రంథము’గానే నిలుస్తుంది. తెలుగు ఖుర్ఆన్ మాత్రం సాధారణంగా ‘భావానువాదం’గా పరిగణన పొందుతుంది. నమాజులో పఠించేది అరబీ మూలాన్నే. గ్రంథం అరబీలో అవతరించిందన్న విషయాన్ని ఖుర్ఆన్ స్వయంగా ప్రస్తావిస్తుంది (12:2). అంటే బైబిలు అనువాదంలోనూ గ్రంథంగానే ఉంటుంది. ఖుర్ఆన్ అనువాదం గ్రంథానికి వివరణ అవుతుంది. దైవభావనలోని భేదానికి ఇది తొలి సూచన.

3. ‘అద్వితీయ’ – ఒక మాట, మూడు స్థానాలు

ఛాందోగ్యోపనిషత్తు నుండి వేదాంత పరిభాషలో స్థిరపడిన ‘అద్వితీయ’ శబ్దాన్ని తెలుగు బైబిలు స్వీకరించింది. ద్వితీయోపదేశకాండము 6:4లో యెహోవా ఏకత్వాన్ని తెలిపే హీబ్రూ పదం ‘ఎఖాద్’ స్థానంలో ఈ మాట కనిపిస్తుంది. యోహాను సువార్తలో (1:14, 3:16) కుమారుణ్ణి వర్ణించే గ్రీకు పదం ‘మొనొగెనెస్’ స్థానంలోనూ ఇదే మాట ఉంది. మూలభాషలు రెండు, పదాలు రెండు. తెలుగులో మాట ఒక్కటే. తండ్రి ఏకత్వాన్ని చెప్పిన మాటతోనే కుమారుని విశిష్టతనూ చెప్పడం వలన తెలుగు క్రైస్తవ పాఠకునికి ఆ రెండూ పరస్పర విరుద్ధంగా తోచవు.

తెలుగు ఇస్లామిక్ రచనలలో అల్లాహ్‌ను ఏకైకుడని, అద్వితీయుడని పేర్కొనడం పరిపాటి. అక్కడ ఈ విశేషణానికి మరొక విశేష్యం లేదు. ఖుర్ఆన్ 112వ అధ్యాయం అల్లాహ్ ఏకత్వాన్ని ప్రకటించి, ఆయనకు సంతానం గాని, జన్మ గాని, సాటి గాని లేవని స్పష్టం చేస్తుంది. కుమారుని పక్కన ఆ మాటను నిలపడం తౌహీద్ దృష్టిలో అసాధ్యం. ఉపనిషత్తులో తత్త్వానికి, బైబిలులో తండ్రికీ కుమారునికీ, ఇస్లాములో అల్లాహ్‌కు మాత్రమే వర్తించిన ఈ పదాన్ని నిఘంటువులోని ఒకే అర్థంతో బోధించడం సరిపోదు.

4. వాక్కు వ్యక్తియా? గ్రంథమా?

యోహాను సువార్త ఆరంభంలోని ‘లోగోస్’ తెలుగులో ‘వాక్యము’ అయింది. ఆ వాక్యమే శరీరధారి అయినట్లు సువార్త చెబుతుంది. ఖుర్ఆన్ కూడా ఈసాను అల్లాహ్ ‘కలిమ’గా, అంటే వాక్కుగా, పేర్కొంటుంది (4:171). అదే ఆయతులో ఆయన ప్రవక్త అనీ, ముగ్గురు అనవద్దనీ హెచ్చరిస్తుంది. దైవాజ్ఞచే పుట్టినవాడు కనుక ఆయన కలిమ అని ముస్లిం వ్యాఖ్యాతలు ప్రధానంగా వివరిస్తారు. పదసామ్యం చూసి భావసామ్యాన్ని ఊహించరాదనడానికి ఇది చక్కని ఉదాహరణ.

క్రీస్తును ముహమ్మద్ ప్రవక్తతో, బైబిలును ఖుర్ఆన్‌తో పోల్చడం వాడుక. క్రీస్తుకు సరితూగే స్థానం ఇస్లాములో ఖుర్ఆన్‌దేనని విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ వంటి మతచరిత్రకారులు గుర్తించారు. ఈ సూత్రం తెలుగు అనువాదాల హోదాభేదాన్ని కూడా వివరిస్తుంది. వాక్యం వ్యక్తి అయినప్పుడు గ్రంథం ఆయనకు సాక్ష్యం. సాక్ష్యాన్ని ఏ భాషలోనైనా చెప్పవచ్చు. వాక్కు గ్రంథమే అయినప్పుడు దాని భాషను వేరుచేయడం కుదరదు.

ఇక్కడ ఒక లోతైన సామ్యం కూడా ఉంది. కుమారుడు సృష్టి కాడని 325లో నికయా సభ నిర్ణయించింది. ఖుర్ఆన్ సృష్టియా, అనాదియా అన్న వివాదం 9వ శతాబ్దంలో ఖలీఫా అల్ మామూన్ కాలాన తీవ్రమైంది; అనాది అన్న పక్షమే సున్నీ సంప్రదాయంలో నిలిచింది. దేవుని వాక్కు అనాది అయితే ఆయన ఏకత్వం ఎలా నిలుస్తుందన్న ప్రశ్నను రెండు సంప్రదాయాలూ ఎదుర్కొన్నాయి.

5. ముగింపు

క్రైస్తవులు దేవుణ్ణి గ్రంథం సాక్ష్యమిచ్చే వ్యక్తిలో తెలుసుకుంటారు. ముస్లిములు దేవుని సంకల్పాన్ని గ్రంథరూపమైన వాక్కులో తెలుసుకుంటారు. ఏకత్వంపై అంగీకారం, ప్రకటన రూపంపై భేదం – ఈ రెండింటినీ కలిపి చూపనిదే తులనాత్మక బోధన పరిపూర్ణం కాదు. ‘అద్వితీయ’, ‘వాక్యము’ వంటి పదాలకు మూలభాషా పదాలను, సంప్రదాయార్థాలను విడివిడిగా చూపే తెలుగు పదకోశం తరగతి గదిలో ఇందుకు తోడ్పడుతుంది. పొరుగువాని విశ్వాసాన్ని అతని గ్రంథం చెప్పిన అర్థంలో వినడమే అతని పట్ల గౌరవానికి మొదటి మెట్టు.