మిగిలిన 10 శాతం

కోకాపేట ఐటీ కొలువుల్లో గడువులకు లోటు లేదు. సినిమా పాటకూ గడువుంటుంది; సన్నివేశం, పాత్రలు, కాలం ముందే ఖాయమై ఉంటాయి. వాటి మధ్యే కవి తన గొంతు వినిపించాలి. ఇంజనీరింగ్ చదివి, 1995లో ‘తాజ్‌మహల్’తో పాటల రచయిత అయిన చంద్రబోస్ ‘నాటు నాటు’ పుట్టుక గురించి చెప్పింది వింటే ఆ పని బరువు తెలుస్తుంది. 90 శాతం పాట సగం రోజులో వచ్చేసింది. మిగిలిన 10 శాతానికి 19 నెలలు పట్టింది. పాటలోని సరుకు మాత్రం చల్లగరిగలో గడిపిన పల్లె బాల్యానిదే: పొలం దుమ్ము, జాతర, జొన్నరొట్టె, మిరపతొక్కు. 2023లో ఈ పాటకు వచ్చిన ఆస్కార్‌లో కీరవాణి బాణీతోపాటు ఈ ఓపికకూ వాటా ఉంది. పాట నచ్చితే, రాసిందెవరో కూడా ఒకసారి చూడండి.